రెండు వందల అవ్వ

మా జలపాతం కాడికి వచ్చెటోళ్ళు నీళ్ళెట్లున్నయని అడుగరు. బండి దిగుడుతోనే "అక్కా, లాస్ట్ ఎంత?" అంటరు. నేనింక మొదటిదే చెప్పలే, లాస్ట్ ఏడికెళ్ళి వస్తది? మొదట్ల నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఇప్పుడు ఎక్కదు. రేటు చెప్త, పైసలు తీసుకుంట, కోడిని తూకమేస్త, మొఖం గూడ చూడ. నువ్వు రాయి లెక్క అయినవే అంటది మా అక్క. అయిన కావచ్చు. ఎట్ల అయిననో మాత్రం నాకు బాగ యాదికున్నది.

మాది మహబూబాబాద్ జిల్లల అడివి అంచుకు ఒక తండ. మేమయితే మానుకోట అనే అంటం. తార్రోడ్డు అయిపోయినంక ఇంకో కిలోమీటరు నడిస్తె జలపాతం వస్తది. వానలు మొదలైన కాడికెళ్ళి దీపావళి దాక జనం ఒడువరు. ఆడ ఇప్పచెట్ల కింద మా తండ ఆడోళ్ళయి పదకొండు పొయ్యిలు. పొయ్యి అంటె మూడు రాళ్ళు, అంతే. వచ్చినోళ్ళు నాటుకోడిని జూసి చూపిస్తరు, మేము కాంటా పెడ్తం, కోస్తం, బూరు పీకి మంట మీద కాల్చి, ఎల్లిపాయ కారం దంచి వండుతం. జొన్న రొట్టెలు చేస్తం. వాళ్ళు నీళ్ళల్ల ఎగిరి దుంకి వచ్చేసరికి మోదుగాకు ఇస్తార్లల్ల వడ్డిస్తం. కోడికి తూకం లెక్క, వండినందుకు కూలి వేరే. కోడి రేటు కాడ ఎవలు మాట్లాడరు, అంగట్ల అందరికి తెలిసిందే. లొల్లంత కూలి కాడనే.

ఎట్లంటె, ఒక పొయ్యి కాడ అడిగి ఇంకో పొయ్యి కాడికి పోతరు. "అగో ఆ అక్క రెండొందలకే వండుతనన్నది, నువ్వెంతకు?" అంటరు. ఆ అక్క గా మాట అననే అనదు. కని ఈమె నమ్ముతది. నమ్మి నూటయాభై అంటది. ఇంక ఆ దినం పదకొండు పొయ్యిల కాడ నూటయాభై నడుస్తది, పొద్దుగూకినంక ఇంటికి వచ్చుకుంట ఒకలనొకలు తిట్టుకుంటరు. వచ్చినోళ్ళు మంచిగ తిని, నవ్వుకుంట కారెక్కి పోతరు. మాకు మాకు పడక పెండ్లిళ్ళకు పిలుచుకునుడు బంద్ అయిన ఇండ్లు ఉన్నయి.

నేను గప్పుడు జనగామల ఉండేదాన్ని. ఇంటరయినంక మూడేండ్లు ఒక గిన్నెల దుకాణంల పని చేసిన. సావుకారి మంచోడే. గల్లపెట్టె మీద 'ఒకటే ధర' అని బోర్డు ఉండేది. లింగాల ఘనపూర్ నుంచి, కొడకండ్ల నుంచి పెండ్లి సామాన్లకని వచ్చిన ఆడోళ్ళు ఆ బోర్డు కిందనే నిలవడి గంటలు గంటలు బేరం చేసేటోళ్ళు. ఆయన నవ్వేటోడు, ఒక్క రూపాయి దించకపోయేటోడు. పోయెటప్పుడు ఒక చెంచా ఊకెనే ఇచ్చేటోడు. నాకు రెండు సంగతులు చెప్పిండు. ధర చెప్పెటప్పుడు తల దించద్దన్నడు. ఒకలకు తగ్గిస్తె, తగ్గియ్యనోళ్ళందరిని మోసం చేసినట్టే అన్నడు. ఆ రెండో మాట నాకు మస్తు నచ్చింది. ఇంత సక్కని మాట మా తండల ఎవలకు తెల్వకపాయె అనుకున్న. గా వయసుల మనకు తెలిసిందే తెలివి.

బాపు పోయినంక నేను తండకు తిరిగొచ్చిన. యాడి ఒక్కతే అయింది. మా ఇంటి మాటల అమ్మను యాడి అంటం. అక్కను భూపాలపల్లికి ఇచ్చినం, బావ బొగ్గు బాయిల పని చేస్తడు. బాపు ఉన్నన్ని దినాలు ఎవుసమే పెద్దది, పొయ్యి పైపని. ఆయన పోయినంక రెండెకరాలు కౌలుకిచ్చినం, ఇంక యాడికి పొయ్యే లోకం. సోమారం నాడే ఆదివారానికి కట్టెలు కొట్టుకొచ్చి పెట్టేది. పొయ్యి చుట్టూత ఎర్రమన్నుతోని అలికేది. అడివిల పొయ్యిని అలికెటోళ్ళను ఎవలన్న చూసిండ్రా? నేను నవ్వేదాన్ని. తినెటోళ్ళు కూసునే జాగ గద అనేది. పొయ్యి కాడ కూసున్నప్పుడే ఆమె మొఖంల జర పానం కనవడేది.

బండ్లు ఆపె కాడ గ్రామపంచాయతి చీటీ రాస్తది, కారుకు యాభై. ఆ యాభై కాడ ఎవ్వలు కిక్కురుమనరు. అచ్చు కాయితం చూడంగనే పర్సు తీస్తరు. గదే మనిషి పది అడుగులు లోపలికొచ్చి, పొగల కండ్లు ఎర్రగయిన ముసలిదాని కాడ యాభై రూపాయల కోసం అద్దగంట మాట్లాడుతడు. నేను చూసి చూసి, మనం గూడ రాయాలె అన్న. తండ పెద్దను మేము నాయకు అంటం. ఆయన అందరిని కూసోవెట్టిండు. వండిన కూలి ఒక్క కోడికి మూడు వందల యాభై, రొట్టె ఇరవై. వచ్చినోళ్ళు ఏ పొయ్యి కాడికి పోవాల్నో వాళ్ళు చెప్పుడు గాదు, వంతు ప్రకారం మేము పంపుడు. కాంటా, వంతుల పుస్తకం నా చేతికిచ్చిండ్రు, సదువుకున్నదాన్నని. బోర్డు నేనే రాసిన. ఆఖరుకు ఒక మాట గూడ నేనే కలిపిన. ఎవలన్న గీ రేటుకు తక్కువ తీసుకుంటె, వాళ్ళ పొయ్యి రాళ్ళు వాళ్ళింటోళ్ళే తీసి వాగుల ఎయ్యాలె, ఆ ఏడంత మళ్ళ వంతు లేదు. భయం లేకుంటె ఎవలింటరు అన్న. అందరు సరేనన్నరు. యాడి గూడ చెయ్యెత్తింది.

మొదటి నెలలనే మా పక్క పొయ్యి చిన్నమ్మ దొరికింది. చిన్నమ్మంటె వరుసకు. భర్త తాగి తాగి పోయిండు, ఇద్దరు ఆడపిల్లలు. రెండు వందల యాభై తీసుకున్నదని తెలిసింది. నేను తగ్గియ్యలే, తిన్నంక వాళ్ళే గంతే ఇచ్చి పోయిండ్రని ఏడ్చింది. తిన్నంక కూర ఉప్పయిందంటరు, ముక్కలు తక్కువున్నయంటరు, ఇంక ఏం చెయ్యాలె అన్నది. నేనేమన్ననో నాకు ఎరుకే. గిట్ల ఒకలను నమ్మితె రేపు అందరు గదే చెప్తరు అన్న. రేటంటె రేటే అన్న. నాయకు నా మొఖం చూసిండు, చిన్నమ్మ మొఖం చూసిండు. పెద్దపిల్ల, చిన్నపిల్ల ఇద్దరొచ్చి రాళ్ళు తీసిండ్రు. ఆ వారం ఎవ్వలు ఎవ్వలతోని కొట్లాడలే, రేటు నిలవడ్డది. నేను లోపల గర్వపడ్డ, అవద్దమెందుకు.

తప్పు ఏడ జరిగిందో నాకు తట్టలే. గిన్నెల దుకాణంల పైసలు కట్టకుండ ఎవలు గిన్నె పట్టుకపోరు. అందుకని, పైసలు ఎప్పుడు తీసుకోవాల్నో బోర్డు మీద రాయాలన్న సంగతే నా బుర్రల లేదు. మా కాడ అందరు తిన్నంకనే ఇస్తరు. తిండి పెట్టకముందు చెయ్యి చాపుడు మాకు రాదు. తిన్నంక గట్టిగ అడుగుడు మిగిలినోళ్ళు నేర్చుకున్నరు. యాడి నేర్చుకోలే. మా ఇండ్లల్ల పాతోళ్ళకు ఒక పట్టింపు ఉంటది. మన చేతి కూడు తిని మన నీళ్ళతోని చెయ్యి కడిగినోనితోని పైసల పంచాది పెట్టుకోవద్దు, వాడు పోయినంక వాని మీద చెడ్డ చెప్పద్దు. యాడి, వాళ్ళు చేతుల పెట్టింది చూడకుండనే బొడ్లె సంచిల ఏసుకునేది. ఇంటికొచ్చినంక గూడ లెక్కవెట్టకపోయేది. చానమంది సరిగ్గనే ఇచ్చేటోళ్ళు, ఎక్కువిచ్చినోళ్ళు గూడ ఉన్నరు. నేను రెండు మూడు మాట్ల కోపం చేసిన, అడుగవే అని. ఎవలన్న ఇంటికొచ్చిన సుట్టాన్ని జేబులెంతున్నదని అడుగుతరా అనేది. వాళ్ళు సుట్టాలు గాదే, గిరాకి అన్న.

పెత్రమాస అమాసకు ముందటి ఆదివారం ఆరుగురు పిల్లగాండ్లు పట్నం నుంచి కారేసుకొని వచ్చిండ్రు. నన్ను చూసి సినిమాల అన్నట్టు "ఏందక్కా, గట్లనా" అని నా మాటనే నాకు వెక్కిరిచ్చిండ్రు. రెండు కోళ్ళు, కూలి ఏడు వందలని రాసుకొని యాడి వంతుకు పంపిన. నేను కాంటా కాడ, పొయ్యి ఇరవై అడుగుల దూరం. తిన్నరు. మళ్ళ రొట్టెలు చేయించుకున్నరు. చెయ్యి కడిగినంక ఒకడు కూర మాడిందన్నడు, వినవడ్డది. ముక్కలేడవోయినయి అవ్వా, నువ్వే తిన్నవా అన్నడు ఇంకొకడు. అందరు నవ్విండ్రు. తిన్న ఇంటి వాసాలు లెక్కవెట్టుడంటె గిదే. ఒకడు నోట్లు మడిచి యాడి చేతుల పెట్టిండు, ఇంకొకడు ఫోన్ పట్టుకొని ఆమె మొఖం తీసిండు. యాడి నవ్వింది. ఫోన్ పెట్టంగనే నవ్వుతది, ఆమెకు అదొక అలవాటు. నేను లేచి పోదునా వద్దా అనుకుంటుండంగనే కాంటా కాడికి ఇంకో గుంపొచ్చింది. కూసున్న.

పొద్దుగూకినంక అడిగిన, ఎంతిచ్చిండ్రని. ఇచ్చిండ్రు అన్నది. ఎంత అన్న. ఇచ్చిండ్రు గద అన్నది.

తర్వాతి ఆదివారం మొదటి బండికెళ్ళి దిగినోళ్ళే నాకు ఫోన్ చూపెట్టిండ్రు. అండ్ల మా యాడి నవ్వుతున్నది. ఇక్కడ బోర్డు మీద మూడొందల యాభై అని రాస్తరు, నమ్మకండి, ఈ అవ్వ రెండొందలకే వండుతది, గట్టిగ బేరం చెయ్యండి అని ఆ వీడియోల ఆ పిల్లగాండ్ల మాట. ఆ దినం వచ్చినోళ్ళందరి నోట్ల గదే. రెండు వందల అవ్వ ఏడుంది, రెండు వందల అవ్వ ఏడుంది అని. బోర్డు ముందట నిలవడి నవ్వెటోడు ఒకడు, మీరు దొంగలా అని నా మొఖం మీదనే అడిగెటోడు ఒకడు. మధ్యాహ్నం వరకు మూడు పొయ్యిలు రెండు వందలకు దిగేటట్టయినయి. పొయ్యిల కాడికెళ్ళి ఆడోళ్ళు నా దిక్కు చూస్తున్నరు. చిన్నమ్మకు పొయ్యి లేదు గద, చింతకాయలు గంపల పెట్టుకొని తొవ్వ పక్కన అమ్ముకుంటున్నది. ఆమె నా దిక్కు చూడలే. గదే నాకు ఎక్కువ తగిలింది.

బుధవారం పొద్దుగాల తండోళ్ళంత కూసున్నరు. అందరిదొక దారయితె ఉలిపికట్టెదొక దారి అని ఎవలో యాడిని అన్నరు. నాయకు ఆ అన్నామెను ఊకోమన్నడు. ఆయనకు యాడంటె గౌరవం. తీసుకున్నవా అని అడిగిండు. తీసుకున్న అన్నది. నువ్వు ఒప్పుకొని తీసుకున్నవా, తిన్నంక వాళ్ళే తక్కువ పెట్టిండ్రా అని అడిగిండు. తొవ్వ చూపెట్టిండన్నట్టు. వాళ్ళే తక్కువిచ్చిండ్రు అంటె, ఫోన్ల పెట్టినోళ్ళది అవద్దమని అందరికి అర్థమయ్యేది, పొయ్యి నిలిచేదేమో.

యాడి కాళ్ళ దిక్కు చూసుకుంట అన్నది, "నా చేతి కూడు తిన్నోళ్ళ మీద నేను చెప్ప."

రెండోపారి అడిగిండు. యాడి అడ్డంగ తలూపింది. గప్పుడు నాయకు నా దిక్కు తిరిగిండు.

"నువ్వు ఆడనే ఉన్నవ్ గద బిడ్డా. ఏం చూసినవ్?"

నేను చూసిన. నోట్లు మడిచి పెట్టుడు చూసిన, కూర మాడిందనుడు విన్న. ఒక్క మాట చెప్తె అయిపోయేది. చిన్నమ్మ గుంజకు ఆనుకొని కూసున్నది, ఆమె చిన్నపిల్ల ఆమె ఒళ్ళె పన్నది. ఆమె ఏడ్సుకుంట చెప్పిన మాటనే ఇప్పుడు నేను మా అమ్మ కోసం చెప్పాలె. నేను చెప్తె అందరు నమ్ముతరు, అది నాకు ఎరుకే. ఆమె చెప్తె నమ్మలే.

"రేటుకు తక్కువొచ్చింది," అన్న. "రేటంటె రేటే."

యాడి తల ఎత్తి నా దిక్కు చూసింది. కోపంగ గాదు. వంతు చెప్పినప్పుడు ఎట్ల చూస్తదో గట్లనే చూసింది. చిన్నమ్మ లేచి పిల్లను సంకనేసుకొని ఎల్లిపోయింది. ఆమెకు సంబురమైందో, నా మీద అసహ్యమైందో నాకు తెల్వదు. అడిగే మొఖం నాకు లేదు.

ఇంటోళ్ళే తియ్యాలె గద. ఇంట్ల ఉన్నది నేనొక్కదాన్నే. ఆ దినమే మధ్యాహ్నం పోయినం. నేను వద్దంటె వినకుండ యాడి నా ఎంబడి వచ్చింది. అలికిన మన్ను ఎండి గట్టిగయింది, గడ్డపారతోని పొడిచిన. రెండు రాళ్ళు ఊడినయి, వాగుల ఏసిన. మూడోది లోపలికి దిగవడి ఉన్నది, ఊడుతలేదు. యాడి కూసొని చూస్తున్నది. గప్పుడు అన్నది, "అది బరువుంటది, రెండు చేతులతోని పట్టు." పట్టిన. ఏసిన. చేతులకు మసి అంటింది. ఏమన్న అనిపిస్తదేమో అని జర సేపు ఆడనే నిలవడ్డ. ఏం అనిపియ్యలే. నీళ్ళు దుంకుతున్న సప్పుడు వినవడ్డది, ఆకలయితున్నదని తెలిసింది, ఇంటికొచ్చి బువ్వ తిన్న.

సోమారం లేచి కట్టెలకు పోయే యాడి, ఆ సోమారం గడపల కూసున్నది. ఇంకో సోమారం గూడ గట్లనే కూసున్నది. దసర అయినంక అక్క వచ్చి భూపాలపల్లికి తోలుకపోయింది. జర దినాలు ఉండి వస్తది అన్నది. బస్సెక్కెటప్పుడు, పొయ్యి జాగల నీళ్ళు నిలవడకుండ చూడు అని చెప్పింది యాడి. ఏ పొయ్యి? నేను తలూపిన.

మర్ల ఏడు వానలకు ముందు నాయకు మళ్ళ అందరిని కూసోవెట్టిండు. బోర్డు కింద ఇంకో గీత రాసిన. ముందు పైసలు, తర్వాత కోడి. కాంటా కాడనే నా చేతుల అన్ని పడాలె, అప్పుడే పొయ్యి ముట్టిచ్చుడు. పదేండ్ల లొల్లి గా ఒక్క గీతతోని పోయింది. ఇప్పుడు వచ్చినోళ్ళు కాసేపు సణుగుతరు, ఇస్తరు, తింటరు, పోతరు. చిన్నమ్మ పొయ్యి మళ్ళ పెట్టుకున్నది, మంచిగనే నడుస్తది. పెద్దవంగర దిక్కు ఇంకో తండోళ్ళు వచ్చి ఎట్ల చేసిండ్రని నన్ను అడిగి రాసుకొని పోయిండ్రు. మా యాడి జాగల పొయ్యి నాకిచ్చిండ్రు. వండుత, కాంటా గూడ చూస్త. ఎర్రమన్నుతోని అలుకుడు మాత్రం నాతోని కాదు. యాడిని రమ్మని ఫోన్ల చానమాట్ల చెప్పిన. మనవరాలి బడి ఉన్నది అంటది, వాన పడుతున్నది అంటది. భూపాలపల్లికి నేను పోయినప్పుడు మంచిగనే మాట్లాడుతది, రొట్టె చేసి పెడ్తది. జలపాతం ఊసెత్తదు.

ఈ ఏడు ఉల్లిగడ్డ, నూనె అన్ని పిరమైనయని కూలి నాలుగు వందలు చేసినం.

వినాయకుని పండుగ అయినంక ఒక ఆదివారం. జనం మస్తున్నరు, కాంటా కాడ వరుస. తల ఎత్తకుండ రాస్తున్న. ముందట ఎవలో నిలవడ్డరు, తెల్ల గుడ్డ మూట విప్పి నోట్లు, చిల్లర కాంటా పక్కన పెట్టిండ్రు. చూస్తె యాడి. ఎనుక అక్క, బావ, పిల్లలు. ఆటో మాట్లాడుకొని వచ్చిండ్రు, జలపాతం చూస్తమని పిల్లలు ఏడ్సిండ్రట. అక్క నవ్వుకుంట, నేను వద్దన్ననే, బిడ్డ కాడ పైసలేందని ఎంత చెప్పినా వినలేదన్నది. ముందుగాల ఇస్తెనే పొయ్యి ముట్టిస్తరట గద, అందరికి ఒకటే ధరనట గద, అన్నది యాడి. ఎత్తిపొడుపు గాదు. నేను ఆమె గొంతు ఎరిగినదాన్ని. మా బిడ్డ పెట్టిన రీతి, దాన్ని నేను చెడగొట్టద్దు అనే తీరుగ అన్నది. భూపాలపల్లిలనే లెక్కవెట్టి, కోడి ఎంత తూగుతదో అందాజ పట్టి, రొట్టెలకు చిల్లర గూడ మడిచి మూట కట్టుకొచ్చింది. ఎన్నడు లెక్కవెట్టని మనిషి.

ఎనుక వరుస ఆగింది. ఎవలో జల్ది అక్కా అంటున్నరు. నా చెయ్యి పోయి ఆ నోట్లు అందుకున్నది. వద్దని అనాలె, ఆ మాట గొంతుల దాక వచ్చిందని ఇప్పుడు చెప్పుకుంటె చెప్పుకోవచ్చు, కని రాలే. కోడి తూకం లెక్కవెట్టిన, సరిగ్గ ఉన్నయి. రొట్టెలు, సరిగ్గ ఉన్నయి. వండిన కూలి మూడు వందల యాభై ఉన్నయి. పాత రేటు. ఆమెకు ఎవలు చెప్తరు?

"ఇంకో యాభై ఇయ్యాలె అవ్వా," అన్న.

మా మాటల గాదు, తెలుగుల అన్న. యాడి అని గాదు, అవ్వ అన్న. పొద్దటిసంది అందరితోని ఎట్లన్ననో గట్లనే అన్న. అన్నంక గాని నాకు వినవడలే. అక్క నవ్వు ఆగిపోయింది.

యాడి "అట్లనా" అన్నది. పక్కకు తిరిగి, బొడ్లె సంచి విప్పి, వెతికి యాభై నోటు తీసి ఇచ్చింది. నేను డబ్బల ఏసి, పుస్తకంల రాసి, తర్వాతి వాళ్ళను పిలిచిన.